ఖాళీ తేదీలు

"కంచం తియ్యవే" అంది కదీశుమ్మ.

"తియ్యను" అంది సౌదా.

"నాలుగు రోజులుగా ఆవోలి చేప వేయించి ఈగలకి కాపలా కూర్చుంటున్నావు. రాడు. వచ్చేవాడైతే సోమవారమే వచ్చేవాడు."

సౌదా కంచం అంచు కొంగుతో తుడిచి మళ్ళీ అదే చోట పెట్టింది. పత్తిరి రొట్టెల గిన్నె మీద మూత సర్దింది. నీళ్ళ గ్లాసు కాస్త కుడివైపు జరిపింది. చేతులకి పని ఉన్నంతసేపు నోటికి పని ఉండదు కదా.

"నీ మొగుడు నీకు ముద్దే, కాదనను. కానీ సందులో నా మొహం ఎక్కడ పెట్టుకోను? పొద్దున ఆ పక్కింటి ఆయిశాబి గోడ మీంచి అడుగుతుంది, మీ పుదియాప్లకి జ్వరమా, దర్శనమే లేదు అని."

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను, విననట్టు బట్టలు ఆరేసుకున్నాను."

"నన్నడిగితే చెప్పేదాన్ని. వాళ్ళాయన దోహా వెళ్ళి ఆరేళ్ళయింది, నేనెప్పుడైనా అడిగానా అని చెప్పేదాన్ని."

ఫస్నా మధ్యగది గడప మీద ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. కంపెనీ పని తెరిచి ఉంది గాని, మధ్యాహ్నం నుంచి ఒక్క అక్షరం కొట్టలేదు. తల్లి ప్రతి మాటా, అక్క ప్రతి మాటా ఆమెకి సూదిలా దిగుతున్నాయి. ఎందుకు దిగుతున్నాయో ఆ ఇంట్లో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు.

కోళిక్కోడు పాతపేటలో ఆడపిల్లలు పెళ్ళయినా పుట్టింట్లోనే ఉంటారు. పెళ్ళయినవాడే పొద్దు పోయాక భార్య ఇంటికి వస్తాడు. ఆమె కోసం కట్టించిన అరలో పడుకుని, పొద్దున టీ తాగి, తన పనికి తాను పోతాడు. ఎన్నేళ్ళయినా అతను పుదియాప్లే, కొత్త అల్లుడే: పెద్ద చేపముక్క, మెత్తటి పత్తిరి, అందరికన్నా ముందు వడ్డన. అత్తగారు ఎదురుపడకుండా తలుపు చాటు నుంచి మాట్లాడుతుంది. అలాంటి మనిషి ఒక రాత్రి రాకపోతే సందులో సగం మందికి తెలుస్తుంది. నాలుగు రాత్రులు రాలేదంటే ఇక ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మొయ్దు రాకపోవడానికి కారణం కూడా అందరికీ తెలుసు. తెలుసనుకుంటున్నారు, పాపం.

ట్రస్టు నడిపే డయాలసిస్ కేంద్రంలో ఎవరిని ఎప్పుడు పిలవాలో చూసేవాడు మొయ్దు. అక్కడ పైసా తీసుకోరు. మంచాలు తక్కువ, మనుషులు ఎక్కువ. పడవ మీద కూలికి పోయే బీరాన్ కొత్తగా పేరు రాయించుకుని, పిలుస్తారు, పిలుస్తారు అని రెండు వారాలు చూశాడు. పిలవలేదు. పోయిన ఆదివారం ఊపిరాడక పడిపోతే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఇంకా కళ్ళు తెరవలేదు. ఈలోగా ఎవరో కనిపెట్టారు, వేరేచోట డయాలసిస్ చేయించుకుంటూ బీరాన్ కన్నా వెనక ఇక్కడికి మారిన నలుగురికి మంచం దొరికిందని, అందులో ఒకాయన మొయ్దు తమ్ముడికి మామగారని. ఇంకేం కావాలి? సోమవారం పొద్దుటికల్లా మొయ్దు దొంగ అయిపోయాడు.

"అవరాన్ మామ వస్తున్నాడు" అంది సౌదా కిటికీలోంచి చూసి.

మేనమామ అవరాన్ గొడుగు మడిచి మూల పెట్టి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు. ఆయనకి మంచి కబురైనా చెడ్డ కబురైనా నిలబడి చెప్పడం అలవాటు.

"ట్రస్టువాళ్ళు బయటి నుంచి ఒక కంప్యూటర్ మనిషిని పిలిపించారు. మధ్యాహ్నం వచ్చి చూశాడు. ఆ ప్రోగ్రాంలో ఏ మార్పు ఎవరు చేశారో అదే రాసిపెట్టుకుంటుందట. కొత్తవాళ్ళ పేర్లన్నీ అడుక్కి పోయేలా చేసిన మార్పొకటి దొరికింది. దాని పక్కన మొయ్దు పేరుంది."

సౌదా కిటికీ దగ్గర నుంచి ఇటు వచ్చింది.

"అది సరే అనుకో, పొరపాటని సర్దుకోవచ్చు. కానీ రెండోదొకటి ఉంది. బీరాన్ పడిపోయిన ఆదివారం సాయంత్రమే, ఆ మార్పుని తీసేసి ఎప్పటిలా పెట్టారు. దాని పక్కనా మొయ్దు పేరే. ఇక ఎవరు ఊరుకుంటారు? తప్పు చేశాడు, మనిషి పడిపోగానే చడీచప్పుడు లేకుండా చెరిపేశాడు అంటున్నారు. రేపు జుమా నమాజు అయ్యాక పదిమందిలో చెప్పి తీసేస్తారట."

"ఆయనేమన్నారు?" అంది సౌదా.

"ఏమనలేదు. ఆ తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. ఇది నీ పేరేనా అంటే నా పేరే అన్నాడు. రాసింది నువ్వేనా అంటే నోరు మెదపలేదు. నోట్లో నాలుక లేని మనిషికి పిల్లనిచ్చాం, ఏం చేస్తాం."

కదీశుమ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. ఫస్నా లాప్‌టాప్ మూసేసింది. ఆ రెండు మార్పుల పక్కన అతని పేరెలా వచ్చిందో ఆమెకి అప్పుడు తట్టింది. తాను మొయ్దు బల్ల దగ్గర, మొయ్దు కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసింది. ఎవరు కూర్చున్నా ఆ కంప్యూటర్ అతని పేరే వేస్తుంది. మొదటిరోజే తన పేరు పెట్టుకోవాల్సింది. ఆ మాత్రం పని, కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళు కూడా మర్చిపోని పని, ఆమె మర్చిపోయింది.

మామ వెళ్ళాక సౌదా వంటగదిలోకి పోయింది. ఫస్నా వెనకే వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"ఇత్తాత్తా, నీతో ఒక మాట చెప్పాలి" అంది అక్కతో.

"ఇప్పుడా? కొబ్బరి రుబ్బాలి."

"మొయ్దుక్క ఏ తప్పూ చెయ్యలేదు." బావని ఆమె అన్న వరసలో అలాగే పిలుస్తుంది.

"అది నువ్వు నాకు చెప్పాలా?"

"నేను చేశాను."

సౌదా వెనక్కి తిరిగి చెల్లెలి మొహం చూసింది. హాస్యమాడుతోందేమో అన్నట్టు చూసింది. ఆ తర్వాత చెయ్యి కడుక్కుని, ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"అర్థమయ్యేలా చెప్పు. నీ ఆఫీసు భాష నాకొద్దు."

ఫస్నా చెప్పింది. ఆ ప్రోగ్రాం మొయ్దు ఎన్నో ఏళ్ళ కిందట రాసుకున్నది. ఎవరూ నేర్పలేదు, లెక్కలు రాసుకునే మనిషి, పుస్తకాలు ముందేసుకుని తనంతట తాను పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకుని రాశాడు. అది పాత పైథాన్. ఇప్పుడు దాన్ని పట్టించుకునేవాళ్ళు లేరు, అది నడిచే కంప్యూటర్ ఇవాళో రేపో అన్నట్టుంది. ట్రస్టువాళ్ళు భయపడుతుంటే, ఊరికే చేసిపెడతాను, కొత్త పైథాన్‌లోకి మార్చి శుభ్రం చేస్తాను అని ఫస్నాయే పూనుకుంది.

"అది నాకు తెలుసు. అన్నాల దగ్గర చదివి వినిపించావుగా ఆ ప్రోగ్రాంలో ముక్కలకి ఆయన పెట్టుకున్న పేర్లు. 'మళ్ళీచూడు', 'మళ్ళీచూడు రెండు', 'మళ్ళీచూడు ఆఖరిది'. ఇల్లంతా నవ్వింది."

ఫస్నా తల వంచుకుంది. ఇల్లంతా నవ్వింది, మొయ్దు కూడా నవ్వాడు. నవ్వుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. అది ఆమె అప్పుడే చూసింది. చూసి కూడా ఇంకో రెండు పేర్లు చదివింది.

"మంచం ఖాళీ అయితే ఎవర్ని పిలవాలో ప్రోగ్రామే చెప్తుంది, ఇత్తాత్తా. కిందటిసారి డయాలసిస్ జరిగి ఎవరికి ఎక్కువ రోజులైందో వాళ్ళ పేరు పైన ఉంటుంది. ఇంకా ఎక్కడా మొదలుపెట్టని కొత్తవాళ్ళకి కిందటిసారి అనేదే లేదు. అక్కడ తేదీ ఖాళీ."

"అయితే?"

"పాత పైథాన్ ఖాళీని అన్నిటికన్నా చిన్నదిగా లెక్కేసేది. అందుకని కొత్తవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పైకొచ్చేవాళ్ళు. వాళ్ళకే కదా ముందు కావాల్సింది. మొయ్దుక్క దానికోసం ఏమీ రాయక్కర్లేకపోయింది. కొత్త పైథాన్ అలా కాదు. ఖాళీని తేదీతో పోల్చమంటే నావల్ల కాదని ఆగిపోతుంది. ఆగకుండా ఉండాలని నేను ఖాళీ ఉన్నచోటల్లా ఎప్పుడో రాబోయే కాలం తేదీ ఒకటి పెట్టాను. ఒక్క లైను."

"పెడితే?"

"కొత్తవాళ్ళందరూ అడుక్కి పోయారు."

పొయ్యి మీద పాలు పొంగుతుంటే సౌదా చూసి కూడా లేవలేదు. ఫస్నాయే వెళ్ళి మంట తగ్గించింది.

"చూసుకోలేదా నువ్వు? అంత చదువు చదివావు."

"చూశాను. ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో చూసే పరీక్షలు రాసి నడిపాను. అన్నీ పచ్చగా, అంటే తప్పు లేనట్టే, వచ్చాయి. ఆ పరీక్షలు రాసిందీ నేనే, వాటిల్లో ఒక్క రోగికి కూడా తేదీ ఖాళీగా పెట్టలేదు. అప్పుడు అన్నం వేళయింది. ఎర్రగా ఆగిపోయేది ఆగకుండా నడిచింది కదా అని లేచి వచ్చేశాను."

"మరి ఆయనకి కనపడలేదా, కొత్తవాళ్ళు కింద ఉన్నారని?"

"అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయా ఫస్నా అని అడిగారు. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి మొయ్దుక్కా, కళ్ళు మూసుకుని నడుపుకోండి అన్నాను."

నాలుగు రోజులుగా మింగుతున్న మాట అదే. లైను తప్పుగా రాయడం ఒక ఎత్తు. అడిగిన మనిషికి అంత ధీమాగా జవాబు చెప్పడం ఒక ఎత్తు.

"ఆదివారం బీరాన్ సంగతి వినగానే నాకు అనుమానం వచ్చింది. ట్రస్టుకి పరిగెత్తాను. మొయ్దుక్క లేరు, ఆస్పత్రిలో ఉన్నారు. ఆయన కుర్చీలో కూర్చుని చూశాను. నా లైనే. తీసేసి, కొత్తవాళ్ళు మొదట వచ్చేలా రాసి, ఇంటికొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఇంకెవరికీ అన్యాయం జరగదు కదా, అదే చాలనుకున్నాను. పొద్దుటికి వీళ్ళు ఆయన్ని పట్టుకున్నారు."

"సోమవారం చెప్పకపోయావా?"

"చెప్దామనే అనుకున్నాను."

"మంగళవారం?"

ఫస్నాకి చెప్పడానికి ఏముంది? భయం వేసింది, అంతే. బీరాన్ భార్య మొహం తలుచుకుంటే భయం, కంపెనీలో తెలిస్తే ఏమంటారోనని భయం, తల్లి కళ్ళల్లోకి చూడాలంటే భయం. మొయ్దు మంచివాడు, ఎలాగో బయటపడతాడులే అనుకుంది. మంచివాళ్ళ మీద మనకి అంత నమ్మకం.

"ఇప్పుడే వాళ్ళ ఉమ్మ ఇంటికి వెళ్ళి ఆయనకి చెప్తాను. రేపు జుమా దాకా ఆగను."

"వద్దు" అంది సౌదా.

ఫస్నా తాను సరిగ్గా వినలేదనుకుంది.

"వద్దంటున్నాను. కూర్చో. ట్రస్టు ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి చూసుకుంటారు. ఊళ్ళోవాళ్ళు నాలుగు రోజులు అని ఊరుకుంటారు. బయటివాళ్ళు నిందేస్తే ఎప్పటికైనా నా దగ్గరికి వస్తారు, సిగ్గుపడి నాలుగు రోజులు ఆలస్యంగా అయినా వస్తారు. అదే ఈ ఇంటి పిల్ల చేసింది, చేసి నోరు మూసుకుని కూర్చుంది అని తెలిస్తే? ఇంక ఏ మొహంతో ఈ గుమ్మం ఎక్కుతారు? ఎక్కరు. మన వాళ్ళల్లో మొగుడు రావడం మానేస్తే పెళ్ళాం వెళ్ళి పిలుచుకొచ్చే దారి ఉందా? చెప్పు."

"మరి ఆయన పేరు?"

"పేరు నాకు చుట్టమా? నాకు మనిషి కావాలి."

"ఇత్తాత్తా, నువ్వే ఇలా అంటే..."

"నేనే అంటాను. నీ తప్పు నీ గుండెల మీంచి దించుకుని నువ్వు హాయిగా పడుకుంటావు. ఖాళీ అరలో పడుకోవాల్సింది నేను."

ఫస్నాకి ఏడుపొచ్చింది. నాలుగు రోజులు చెప్పకపోవడమే పాపం అనుకుంది ఇన్నాళ్ళూ. ఇప్పుడు చెప్పడం కూడా పాపంగానే కనబడుతోంది. అక్క మాట వింటే అతని బతుక్కి మచ్చ, వినకపోతే అక్క బతుక్కి. రెండిటికీ మూలం మాత్రం తనే. సౌదా లేచి చెల్లెలి కన్నీళ్ళు తుడవలేదు, కొట్టలేదు కూడా. కొబ్బరి చిప్ప అందుకుంది.

అప్పుడే ముందు అరుగు మీద దగ్గు వినిపించింది.

ఆ దగ్గు ఇంట్లో అందరికీ తెలుసు. కదీశుమ్మ ముసుగు లాక్కుని తలుపు చాటుకి తప్పుకుంది. "వచ్చాడే, వచ్చాడే" అని గుసగుసగా అంటూ చేతులు ఊపింది. మసీదులో సాయంత్రపు మగ్రిబు బాంగు కూడా కాలేదు. ఇంత వెలుతురుండగా అతను ఎన్నడూ రాలేదు.

సౌదా రెండంగల్లో బయటికి వెళ్ళింది. ఫస్నా గుమ్మం లోపలే నిలబడింది.

మొయ్దు అరుగు మీది బల్ల చివర కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది, చొక్కా నలిగి ఉంది. లోపలికి రమ్మని సౌదా తలుపు పక్కకి తప్పుకుంటే, "ఇక్కడే బాగుంది" అన్నాడు.

"అన్నం పెట్టనా?"

"వద్దు."

"సులైమాని?"

"ఇవ్వు."

తలుపు చాటు నుంచి కదీశుమ్మ, "ఒంట్లో బాగుందా అని అడగవే" అంది సౌదాతో.

"బాగానే ఉంది ఉమ్మా" అన్నాడు మొయ్దు తలుపుతో. "బీరాన్ ఇవాళ మధ్యాహ్నం కళ్ళు తెరిచాడు. మాట ఇంకా రాలేదు."

అల్‌హందులిల్లా అంది కదీశుమ్మ. ఫస్నా తలుపు పట్టుకుంది. బతుకుతాడు. బతుకుతాడేమో. ఆ సంతోషంలో కూడా, అయితే నా పాపం కాస్త తగ్గిందా అని లెక్క చూసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సౌదా టీ తెచ్చి ఇచ్చింది. మొయ్దు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, "ఫస్నా, ఇలా రా" అన్నాడు.

వెళ్ళింది. సౌదా భర్త వెనక నిలబడి చెల్లెలి వైపు చూసింది. వద్దు అని ఆ కళ్ళు చెప్తూనే ఉన్నాయి.

"ఇవాళ ఆ వచ్చినాయన నా పేరు చూపించాడు. మొదటిది చూసి నేనే రాసి మర్చిపోయానేమో అనుకున్నాను. నా రాత నీకు తెలుసుగా, నేను రాసింది నాకే గుర్తుండదు. ఏదో నొక్కి ఉంటాను, తప్పు నాదే అని ఒప్పుకుందామనుకున్నాను. అంతలో రెండోది చూపించాడు. ఆదివారం సాయంత్రం."

ఫస్నా అక్క వైపు చూసింది.

"ఆదివారం రాత్రిదాకా నేను బీరాన్ మంచం పక్కన ఉన్నాను. వాళ్ళావిడ కాగితాలు చదవలేనంటే నేనే అటూ ఇటూ తిరిగాను. ఈ ఒక్క మాట కమిటీకి చెప్తే రేపు నన్నేమీ చెయ్యలేరు. చెప్తే, మరి ఆ కుర్చీలో ఎవరున్నారని అడుగుతారు. అందుకని చెప్పకుండా ఇక్కడికి వచ్చాను." గ్లాసు కింద పెట్టాడు. "ఆ సాయంత్రం నా కుర్చీలో ఎవరు కూర్చున్నారు ఫస్నా?"

సౌదా చెయ్యి భర్త భుజం మీద పడింది. "అలిసిపోయి వచ్చారు, ముందు లోపలికి రండి. ఆ కంప్యూటర్ గొడవ పొద్దున చూసుకోవచ్చు."

"నేనే కూర్చున్నాను మొయ్దుక్కా" అంది ఫస్నా.

సౌదా కళ్ళు మూసుకుంది.

"మొదటిది?"

"మొదటిదీ నేనే. మీరేమీ నొక్కలేదు, ఏమీ మర్చిపోలేదు. మీ పాత ప్రోగ్రాం కొత్తవాళ్ళని ముందే పిలిచేది. నేను శుభ్రం చేస్తూ పాడుచేశాను. మీ కంప్యూటర్ కాబట్టి మీ పేరు పడింది. రేపు నేనే వచ్చి అందరి ముందూ చెప్తాను."

మొయ్దు చాలాసేపు సందు వైపు చూశాడు. అతను కేకలేస్తాడేమోనని ఫస్నా ఎదురుచూసింది. కేకలేస్తే బాగుండునని కూడా అనుకుంది.

"లైను తప్పు పోవడం నాకు కొత్త కాదు. నేనూ బోలెడు తప్పులు రాశాను, నువ్వు చదివి వినిపించావుగా" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. "అది కాదు నేను అడిగేది. ఆదివారం నీకు తెలిసింది. సోమవారం నుంచి నన్ను దొంగ అంటున్నారు. మసీదులో నా పక్కన నిలబడే మనిషి జరిగి నిలబడ్డాడు. నువ్వు ఇక్కడే ఉన్నావు కదా, నీకు అన్నీ వినబడ్డాయి కదా?"

"వినబడ్డాయి."

"సరే."

అతను భుజం మీది చెయ్యి మెల్లగా తీసి, తిరిగి, భార్య మొహంలోకి చూశాడు. ఇంతసేపు ఆమెకి ఆశ్చర్యం కలగలేదని, ఒక్క ప్రశ్నయినా అడగలేదని అతనికి అప్పుడు తట్టినట్టుంది.

"నీకూ తెలుసా సౌదా?"

"ఇత్తాత్తకి తెలియదు" అంది ఫస్నా.

"తెలుసు" అంది సౌదా.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. మొయ్దు ఆ అక్కచెల్లెళ్ళ మొహాలు ఒకదాని తర్వాత ఒకటి చూసి, లేచి నిలబడ్డాడు.

"ఈ ఇంట్లో నేను ఎవరి మాట నమ్మాలి?" అన్నాడు.